సీసా తెరిచే చోటు

"నీకెలాగూ హిందీ వచ్చు కదే, రేపు ఆ మేడమ్‌ని బజార్లో తిప్పాల," అన్నాడు బావ, నేను గంజి వారుస్తూ ఉండగా. గుడ్డ పట్టుకుని రెండు చేతులా గిన్నె ఒంపుతూ, ఆవిరి మొహానికి కొడుతున్నప్పుడే బావకి నాతో పని గుర్తొస్తుంది. తల తిప్పితే చెయ్యి కాలుతుంది, తిప్పకపోతే పొగరంటాడు. "ఊఁ" అన్నాను.

హిందీ నాకు ఎవరూ నేర్పలేదు. పదహారేళ్ళకి బావతో పెళ్ళయి టెక్కలి నుంచి ఈ హిందీ ఊరికి, బిర్సానగర్‌కి వచ్చినప్పుడు "పానీ" తప్ప ముక్క రాదు. వీధి కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి, తోసినవాళ్ళని తోసి, తిట్టినవాళ్ళని తిట్టి నేర్చుకున్నాను. అప్పట్నుంచి ఇంటిల్లిపాదికీ నా నోరే దిక్కు. రేషన్ కొట్లో నేనే, కిరసనాయిలు బండి దగ్గర నేనే, అత్త మోకాళ్ళ నొప్పులకి డాక్టరు దగ్గర నేనే. అత్త తెలుగులో అంటుంది, నేను హిందీలో చెప్తాను. డాక్టరు హిందీలో అంటాడు, నేను తెలుగులో చెప్తాను. ఆ మధ్యలో నా మాటంటూ ఒక్కటి ఉండదు. బావకీ హిందీ వచ్చు గాని అది పనిలో హిందీ: పట్టుకో, వదిలెయ్, ఎత్తు, దించు. ఆ నాలుగు ముక్కలతో ఇనుము కదుల్తుంది, మనుషులు కదలరు.

బావ కంచం ముందు కూర్చున్నాక మిగతా సంగతి చెప్పేడు. బావ పోలరాజు గారనే కాంట్రాక్టరు దగ్గర ఏడేళ్ళుగా ఫిట్టరు. ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు బిగించడానికి బెంగుళూరు కంపెనీ నుంచి సీతారామరావు గారని ఇంజినీరు వచ్చేరు. వెళ్ళేముందు పోలరాజు గారి మనుషుల్లో అయిదుగుర్ని వాళ్ళ కంపెనీలోకి పర్మనెంటుగా తీసుకుంటారు. ఆ లిస్టు మీద శనివారం సాయంత్రం సంతకమవుతుంది. బావ పేరు నాలుగోది.

"సారు తనతో భార్యని తీసుకొచ్చేరు. రమాదేవి గారని. ఆవిడ దగ్గర ఒక సీసా ఉందంట. వైను. శనివారం ఆవిడ పుట్టినరోజు. హోటల్లో కూకుని, అన్నంతో పాటు ఆ వైను తాగాలంట."

"తాగితే?"

"తాగితే ఏటేటే? ఇక్కడ సారు కింద పన్చేసేవోళ్ళు సగం మంది మనోళ్ళే. రేపు ఎవడో చూసి, సారు పెళ్ళాం నలుగుర్లో గ్లాసట్టుకుందని పనిలో చెప్తే ఆయన పరువేటవుతాది? వద్దని ఆవిడ మొహం మీద అన్లేక, ఒప్పుకునే హోటలు దొరికితే నేనూ వత్తానని మాటిచ్చేసేరు. అంచేత నువ్వు తిప్పు. ఆవిడకి హిందీ రాదు. రెండు మూడు చోట్ల అడిగినట్టు అడిగి, ఎక్కడా కుదరదంట అని చెప్పీ. పోలరాజు గారు మరీ మరీ చెప్పేరు."

"సారు తాగరా?"

"సారా? రోజూ సాయంత్రం మాతోనే కదా!" అని నవ్వి, నా మొహం చూసి నవ్వు ఆపేడు. "మొగోళ్ళ సంగతి వేరు. నీకేటి తెలుసు."

మూల కూర్చుని బుజ్జిదానికి నూనె రాస్తున్న అత్త అందుకుంది. జోగమ్మత్త నాకు సొంత మేనత్త, అయినా కోడలినయ్యేక అన్న కూతుర్ని కాకుండా పోయేను. "ఓలమ్మ, ఆడపుటక పుట్టి సీసా సంకనెట్టుకుని ఊళ్ళంట తిరగడమేటే! మొగుడు సదువుకున్నోడైతే మాత్రం సిగ్గుండక్కర్లేదా?" అంది. నూకాలమ్మకి పెట్టిన సారా, ప్రసాదమని చెప్పి అత్త కొంగు చాటున గుటకెయ్యడం నేను చూడలేదనుకుంటుంది.

బుజ్జిదాన్ని అందుకుని నుదురు చూసేను. అది నాకు అలవాటైపోయింది. పది నెలల పిల్ల. కార్తీకంలో జ్వరం నెత్తికెక్కి, కళ్ళు తేలేసి, కొయ్యలా బిగుసుకుపోయింది. ఆ పూట దాన్ని భుజానేసుకుని ఎన్ని వాకిళ్ళు తొక్కేనో చెప్పలేను. పర్మనెంటు వాళ్ళ పిల్లలకైతే ఆస్పత్రి కార్డుంటుంది. కార్డు చూపిస్తే లోపలికి రానిస్తారు, డాక్టరు లేచి వస్తాడు. కాంట్రాక్టు వాళ్ళ పిల్ల బల్ల మీద తల్లి ఒళ్ళోనే ఉండాలి. ఆరోజు నుంచి నాకు పట్టుచీర మీద లేదు, నగల మీద లేదు, ఆ అట్టముక్క కార్డు మీదే ధ్యాస. అందుకే మర్నాడు బావ చెప్పిన అబద్ధం కొంగున కట్టుకున్నట్టు జాగ్రత్తగా కట్టుకుని బయల్దేరేను. బుజ్జిదాన్ని ఉంచమంటే అత్త మోకాళ్ళు చూపించింది, దాన్నీ ఎత్తుకున్నాను.

సాక్చీ దాకా టెంపోలో వచ్చి, గెస్ట్‌హౌస్‌కి నడిచి వెళ్ళేసరికి ఆవిడ గేటు దగ్గరే ఉన్నారు. నలభయ్యేళ్ళ మనిషి, కళ్ళద్దాలు, నేత చీర, భుజానికి గుడ్డ సంచి. ఆ సంచిలో తువ్వాలు చుట్టిన సీసా ఉందని పట్టుకున్న పద్ధతిలోనే తెలుస్తోంది, పసిపిల్లని ఎత్తుకున్నట్టు కిందనుంచి చెయ్యి వేసి పట్టుకున్నారు.

"నువ్వేనా చిలకమ్మా? అయ్యో, పాపని కూడా ఎండలో తెచ్చావే! ఇలా ఇవ్వు."

"వద్దండి అమ్మగారూ, చీర పాడు చేస్తుంది."

"చీర కదా, ఉతికితే పోతుంది. అమ్మగారేమిటి, అక్కా అను."

అననా, మాననా అని నోట్లోనే నలుపుకుంటూ రిక్షా మాట్లాడేను. ఎక్కేక ఆవిడ తువ్వాలు కొంచెం తప్పించి చూపించేరు. నల్లగా ఉందనుకున్నాను, ఎండ తగిలేసరికి నేరేడు రంగు తేలింది. మూతికి బిరడా, దాని మీద ఎర్ర లక్క. గోవా వెళ్ళిన స్నేహితురాలు తెచ్చిందట. "దీన్ని గటగటా తాగరు చిలకమ్మా. అన్నం తింటూ, కబుర్లు చెప్పుకుంటూ ఒక్కొక్క గుక్క. గదిలో తలుపేసుకుని తాగొచ్చు, మా ఆయన అదే అన్నారు. తలుపేసుకుని చెయ్యడానికి ఇదేమన్నా తప్పా? ఇక్కడికొచ్చి ఆరు రోజులు. పొద్దున్న వెళ్తే రాత్రికి తిరిగొస్తారు, భోజనం అయిపోయిందంటారు. వంటాయన పెట్టిన రొట్టెలు నేనొక్కదాన్నే తింటున్నాను. నలభై నిండుతున్నాయి. ఒక్కసారి తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు, మా ఆయన ఎదురుగా, నాకిష్టమైనది నా గ్లాసులో పోసుకుని కూర్చోవాలని ఉంది. అంతే."

ఇష్టమైనది అన్న మాట నాకు చెవిలో రాయిలా పడింది. నాకూ ఒకసారి ఇచ్చేరు. బుజ్జిది పుట్టేక, బాలింతకి చలి చేస్తుందని, సాయంత్రాలు అత్త చిన్న గ్లాసుతో కొలిచి బ్రాందీ పోసేది. మొదటి రోజు గొంతు మండి ఏడ్చేను. నాలుగో రోజుకి పొట్టలోంచి వేడి పైకి పాకి, చెవులు వెచ్చగా అయ్యి, ఎందుకో ఊరికే నవ్వొచ్చింది. ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. అత్త నా మొహంలోకి చూసింది. "ఇంక సాలు. ఒంట్లో సలి పోనాది," అని సీసా అటక మీద పెట్టేసింది. బాధకైతే ఇస్తారు, బాగున్నదని తెలిస్తే ఎత్తి దాచేస్తారు. అప్పుడు నాకు ఇంత మాట తోచలేదు, ఆ రిక్షాలో తోచింది. తోచగానే భయమేసి బుజ్జిదాని నుదురు చూసేను. చల్లగానే ఉంది.

బిస్టుపూర్ మెయిన్ రోడ్డులో మొదటి హోటలు పెద్దదే. కౌంటర్లో తలపాగా ఆయన మర్యాదగా లేచేడు. రమాదేవి గారు ఇంగ్లీషులో అడిగేరు, ఆయన మొహం తెల్లబోయి నావైపు తిరిగేడు. నేను హిందీలో చెప్పేను. ఆయన పక్కనున్న ఆకుపచ్చ పరదాల గదులు చూపించేడు. "లేడీజ్ వస్తే ఫ్యామిలీ కేబిన్. ఫ్యామిలీ కేబిన్లో బోతల్ నహీ."

"మరి బయట హాల్లో?"

"హాల్లో బోతల్ చలేగా. లేకిన్ హాల్లో లేడీజ్ నహీ."

పరదా గదిలో సీసా కూడదంట, సీసా చెల్లే హాల్లో ఆడవాళ్ళు కూడదంట అని రమాదేవి గారికి చెప్పేను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, "మా ఆయనతో కలిసి వస్తానని చెప్పు," అన్నారు. చెప్పేను. తలపాగా ఆయన బాగా ఆలోచించి, మాకు సాయం చేద్దామనే, "సాబ్ హాల్లో కూర్చుంటారు, మేమ్‌సాబ్ కేబిన్లో కూర్చుంటారు. ఇద్దరికీ ఒకటే బిల్లు," అన్నాడు.

ఆవిడ రోడ్డు మీదకొచ్చి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వేరు. నాకూ నవ్వొచ్చింది. "పుట్టినరోజు పరదాకి చెరో వైపూ చేసుకోవాలన్నమాట!" అన్నారు. నేను అబద్ధం చెప్పక్కర్లేకపోయింది, అందుకే నవ్వు తేలిగ్గా వచ్చింది. ఇలాగే అన్నిచోట్లా లేదంటే బాగుండును, నా నోరు మైల పడకుండా సాయంత్రమైపోతే బాగుండును అనుకున్నాను.

రెండోది సాక్చీ గోల్‌చక్కర్ దగ్గర మేడ మీద బార్. కింద మెట్ల దగ్గర స్టూలు మీద మీసాల మనిషి కాపలా. మమ్మల్ని, నా చంకలో పిల్లని చూసి, నోరు తెరవకముందే జాలిగా మొహం పెట్టేడు. "కిస్కో లేనే ఆయీ హో? పేరు చెప్పండి, కిందకి దింపి పంపుతా. మీరు పైకి వెళ్ళొద్దు."

"ఏమంటున్నాడు?" అన్నారు రమాదేవి గారు.

"మొగుళ్ళని తీసుకుపోడానికి వచ్చేమనుకుంటున్నాడండి. జీతాల రోజున ఆడవాళ్ళు ఇలాగే వత్తారు. పేరు చెప్తే పిలుస్తాడంట."

ఈసారి ఆవిడ నవ్వలేదు. మెట్లకేసి చూస్తూ, "సీతారామరావు అని చెప్పనా?" అన్నారు మెల్లిగా. నేను బుజ్జిదాన్ని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాను.

ఎండ ముదిరింది. రెండింటి షిఫ్టుకి ఫ్యాక్టరీ భోంపు కూసింది, సైకిళ్ళు వరదలా రోడ్డు మీదకొచ్చేయి. బుజ్జిది చికాకు పడుతోంది. ఆ గుంపులో బావ ఎక్కడన్నా ఉన్నాడేమో, చూస్తే నేను బాగా అబద్ధమాడుతున్నానో లేదో అడుగుతాడేమో అని ఆ సైకిళ్ళలోకి చూస్తున్నాను. ఇంక చాలండీ, పోదాం అందామని నోరు తెరిచేను. అంతలో రిక్షా ఆయన వెనక్కి తిరిగి, బిస్టుపూర్ సందులో చైనా వాళ్ళ హోటలుందని, అక్కడ అన్నీ చెల్లుతాయని అన్నాడు. అతను హిందీలో అన్నాడు గాని "చైనా" అన్న ముక్క ఆవిడకి అర్థమైపోయింది. "అక్కడికి వెళ్దాం," అన్నారు.

చిన్న హోటలు. ఎనిమిది బల్లలు, పరదా అన్నది ఎక్కడా లేదు. బల్లల మీద తెల్లగుడ్డలు, ఇస్త్రీ చేసినవే. కౌంటరు వెనక చైనా ఆవిడ, యాభై ఏళ్ళుంటాయి, పిండి బిళ్ళల్లో కూర పెట్టి చిన్న చిన్న కజ్జికాయల్లా మడుస్తోంది. వేళ్ళు ఆగడం లేదు. రమాదేవి గారు ఇంగ్లీషు మొదలెట్టగానే తల అడ్డంగా ఊపింది. "ఇంగ్లిష్ నహీ. హిందీ బోలో, బాంగ్లా బోలో."

నేను చెప్పేను. సీసా, పుట్టినరోజు, ఆవిడా వాళ్ళాయనా, రేపు సాయంత్రం. చైనా ఆవిడ సీసా చేతిలోకి తీసుకుని మూతి చూసి, ఇది తీసే మెలిచువ్వ తన దగ్గరుందంది. గ్లాసులున్నాయంది. కిటికీ పక్క బల్ల ఉంచుతానంది. ఏడింటికి రమ్మంది. "క్యోఁ నహీ? ఖానేవాలీ భీ వహీ, పీనేవాలీ భీ వహీ," అని నవ్వి, మళ్ళీ పిండి మడవడంలో పడింది. తినేదీ ఆవిడే, తాగేదీ ఆవిడే, ఎందుక్కాదు? ఎంత సుళువుగా అనేసిందో.

రమాదేవి గారు నా మొహంలోకే చూస్తున్నారు. ఆవిడకి ఆ నవ్వు అర్థమైపోయిందేమో అనుకున్నాను. బుజ్జిది కొంగు లాగుతోంది. కార్డు. నాలుగో పేరు. కళ్ళు తేలేసిన పిల్ల.

"కుదరదంటండీ."

"నవ్వింది కదా?"

"పిల్లని చూసి నవ్విందండి. ఆడవాళ్ళకి ఇక్కడ కూడా కుదరదంట."

ఆవిడ నమ్మేరు. అంతే. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. చైనా ఆవిడకి రెండు చేతులూ జోడించి, ఇబ్బంది పెట్టినందుకన్నట్టు తల వంచి దణ్ణం పెట్టేరు. చైనా ఆవిడేమో అది రేపు వస్తామన్న దణ్ణమనుకుని సంతోషంగా తల ఊపింది. ఇద్దరి మధ్యా నేను నిలబడి ఉన్నాను.

రిక్షా కదిలేక రమాదేవి గారు సీసా మీద తువ్వాలు గట్టిగా చుట్టి, సంచి మీద కొంగు కప్పేరు. పొద్దుట ఎత్తుకున్నట్టు కాదు, దొంగిలించిన వస్తువు దాచుకున్నట్టు. "పోనీలే. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. అసలు నేను అడగడమే బాగాలేదేమో," అన్నారు. రోడ్డుకేసి చూస్తూ, "నిన్ను అనవసరంగా తిప్పాను. నీ చేత కూడా మాటలు పడించాను," అన్నారు. పొద్దున్న రోడ్డు మీద నవ్విన మనిషి గొంతు కాదది. ఆ గొంతు నాకు తెలుసు. నాది.

తొమ్మిదో తరగతి సగంలో పెళ్ళి చేసేరు నాకు. బావకి సెలవు దొరకలేదని కాపురానికి పంపడం నాలుగు నెలలాగింది. ఆ నాలుగు నెలలూ బడికెళ్తే పరీక్ష రాసెయ్యొచ్చు. మా నాన్నని బతిమాలేను. నాన్న గొడుగేసుకుని బడికెళ్ళి అడిగొచ్చి, అరుగు మీద గొడుగు విదిలిస్తూ చెప్పేడు: "పెళ్ళైన పిల్లలికి కుదరదన్నాడే మేష్టారు." నేను నమ్మేను. మేష్టారు ఎందుకొద్దన్నారని ఎవర్నీ అడగలేదు, అసలు అడగమనడమే నా తప్పు అనుకున్నాను, నోట్సులు పక్కింటి పిల్లకిచ్చేసి ఊరకుండిపోయేను. మూడేళ్ళ తర్వాత పలాస స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే ఆ మేష్టారే కనిపించేరు. "పరీక్ష దాకా పంపమని మీ నాన్నతో చెప్పేనమ్మా, నువ్వెందుకు రాలేదు?" అన్నారు. రైలొచ్చింది. ఎక్కేను. నాన్నని ఇప్పటిదాకా అడగలేదు. ఎవరో పెద్దమనిషి కుదరదన్నారంటే ఆ మాటకి ఎదురుండదు కదా, అందుకే చెప్పేడు. మేష్టారు అననిమాట తెచ్చి నా నెత్తిన పెట్టి, గొడుగు మడిచి లోపలికెళ్ళిపోయేడు. ఇప్పుడు నేనూ అదే చేసేను. గొడుగొక్కటే తక్కువ.

"రోకో," అన్నాను. రిక్షా ఆయన బ్రేకు వేసేడు.

"ఏమైంది? పాపకి ఒంట్లో..."

"పాపకేం కాలేదండి. ఆవిడ రమ్మంది. రేపు ఏడింటికి. కిటికీ పక్క బల్ల. మూత తీసే చువ్వ కూడా ఉందంట. నేనే అబద్ధం చెప్పేను."

ఆవిడ నావైపు తిరిగేరు. "నా మొహంలోకి చూసి చెప్పావు కదా," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

"అలా చెప్పమన్నారండి."

"ఎవరు?"

"మా ఆయన. మా ఆయనకి పోలరాజు గారు చెప్పేరు. పోలరాజు గారికి..." అక్కడ ఆగిపోయేను. పైకి ఇంక చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ మొహం చూస్తే అర్థమైంది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచేరు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీసేరు. "దొరికితే తప్పకుండా వస్తానన్నారు. టై సర్దుకుంటూ, అద్దంలో నన్ను చూసి నవ్వి మరీ అన్నారు," అన్నారు.

లిస్టు సంగతి చెప్పేను. బుజ్జిదాని సంగతీ చెప్పేను. ఎందుకు చెప్పేనో, క్షమించమనో, సాయం చెయ్యమనో, నాకే తెలీదు. ఆవిడ బుజ్జిదాన్ని ఒళ్ళోకి తీసుకుని అరికాళ్ళు నిమురుతూ విన్నారు. "సంతకం నా చేతిలో లేదు చిలకమ్మా. ఆఫీసు మాట నేనెత్తితే ఆయనకి పంతం కూడా. నీకు మంచి చెయ్యబోయి చెడు చేస్తానేమో. ఒక్కటి మాత్రం చెయ్యగలను. నీ పేరు రానివ్వను. ఆ చైనా ఆవిడకి ఇంగ్లీషు వచ్చని, నేనే మాట్లాడుకున్నానని చెప్తాను. నువ్వు పాపనెత్తుకుని బయట నిలబడ్డావు. నీకేం తెలీదు. సరేనా?"

"సరేనండి," అన్నాను. ప్రాణం లేచొచ్చినట్టయింది. రిక్షా వెనక్కి తిప్పించి, ఆవిడ పేరు మీద బల్ల చెప్పి వచ్చేం. దిగేటప్పుడు "వెళ్ళొస్తానక్కా," అన్నాను, అలవాటు లేని మాట నాలిక మీద కొత్తగా తగిలింది.

టెంపోలు నిండిపోయి వెళ్తుంటే నిలబడి నిలబడి, ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. గుమ్మం ముందు పోలరాజు గారి స్కూటరు ఉంది. ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. నులకమంచం మీద దుప్పటి వేసి కూర్చోబెట్టేరు. బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అత్త నన్ను చూడగానే "ఇప్పుడేటే రావడం? బాబొచ్చి ఎంతసేపయిందో, టీ సుక్కకి గతి లేదు," అంది. కాళ్ళన్నా కడుక్కోకుండా స్టవ్ వెలిగించేను. బుజ్జిది దిగనంది, చంకలో పెట్టుకునే టీ నీళ్ళు స్టవ్ మీద పెట్టేను. దాని ఒళ్ళు కొంచెం వెచ్చబడినట్టుంది, ఎండకేనో ఏమో.

"సారు ఫోన్ చేసేరు," అన్నారు పోలరాజు గారు బావతో. "మేడమ్‌కి హోటలు దొరికేసిందంట, పనిలోకి ఫోన్ చేసి సారుకి చెప్పేసిందంట. చైనావోడి హోటలు. ఆవిడే ఇంగ్లీషులో మాట్లాడేసుకుందంట. సారు మండిపోతన్నారు. నీ పెళ్ళాం ఏటి చేస్తన్నాదయ్యా అప్పుడు?"

"దీనికేటి తెలుసండి బాబూ," అన్నాడు బావ, గబగబా. "ఇంగ్లీషంటే ఇదేటి చేత్తాది? తొమ్మిది కూడా పూర్తిగా చదవలేదు. పిల్లనెత్తుకుని వీధిలో నిలబడి ఉంటాది. ఏమే, అంతే కదా?"

"ఎర్రిబాగుల్ది బాబూ," అంది అత్త. "దానికేటీ తెల్దు." అత్త గొంతులో అంత ఆపేక్ష నా పెళ్ళయ్యేక ఎప్పుడూ వినలేదు.

"అలాగైతే మనమీదకి రాదులే," అని పోలరాజు గారు కాస్త మెత్తబడ్డారు. "రేపు లిస్టుకి ఏమీ ఢోకా లేదు. నేను సారుకి చెప్తాను, పాపం ఆ పిల్లకి ఏమీ తెలీదని."

నీళ్ళు మరుగుతున్నాయి. ఆకు వేసేను, బెల్లం వేసేను. అందరూ నన్ను గట్టు మీదికి లాగుతున్నారు. రమాదేవి అక్క, బావ, అత్త, ఆఖరికి పోలరాజు గారు కూడా. నేను ఊరికే తల ఊపితే చాలు. ఊపితే కార్డొస్తుంది. బుజ్జిదాని నుదురు నా మెడకి తగుల్తూ వెచ్చగా ఉంది. తల ఊపుదామనే అనుకున్నాను, నిజంగా అనుకున్నాను. కాని రేపు దీనికి మాటలొస్తాయి, తనకి ఎవరైనా ఏదన్నా కుదరదన్నారంటే వచ్చి నన్ను అడుగుతుంది, వాళ్ళు నిజంగానే అన్నారా అమ్మా అని. అప్పుడు నేను చెప్పే జవాబుని ఇది నమ్మాలి. టీ గ్లాసుల్లో పోసేను. కొంచెం పళ్ళెంలో ఒలికింది, తుడిచేను. పట్టుకెళ్ళి పోలరాజు గారి ముందు పెట్టి, పక్కకి తప్పుకోకుండా అక్కడే నిలబడ్డాను.

"ఏటే?" అన్నాడు బావ.

"ఆ చైనా ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదండి," అన్నాను పోలరాజు గారితో. "హిందీలో అడిగింది నేను. రమ్మంది అని అక్కకి చెప్పింది కూడా నేనే."